అందింది

షాయెన్‌లో గాలికి సెలవు రోజు లేదు.
చెత్తడబ్బాలను వీధి ఆ చివరిదాకా దొర్లిస్తుంది,
ఖాళీ లారీలను హైవే మీద పక్కకి పడుకోబెడుతుంది.
మా ఆఫీసు తలుపును మాత్రం కదపలేకపోయింది.
రెండు గదుల ఇటుక ఇల్లు.
ముందు గదిలో నేను, స్కానరు.
వెనక గదిలో వెర్నన్ టిబెట్స్, అతని పొడి దగ్గు.

ఈ రెండు గదుల్లో రెండు వేల మూడొందల కంపెనీల కాపురం.
ఒక్కదానికీ కుర్చీ లేదు.
ఇన్నేళ్లలో ఒక్కటీ తుమ్మలేదు.
సూట్ 411 అంటే గోడకున్న అర,
సూట్ 412 అంటే అదే అర, కింద వరస.
ఓడలున్న కంపెనీ ఉంది,
సముద్రం ఇక్కడికి వెయ్యి మైళ్లు.
ద్రాక్షతోటలున్నది ఉంది.
కొన్నింటికి ఏమున్నాయో వాటికే తెలియదనుకుంటాను.

చేరిన కొత్తలో అడిగాను వెర్నన్‌ని,
ఇవన్నీ ఎక్కడో దీవుల్లో కదా ఉంటాయి,
కొబ్బరిచెట్లు, బ్యాంకులు, చెప్పులేసుకు తిరిగే లాయర్లు?
"విమానం టికెట్టు దండగ" అన్నాడు.
అరవై డాలర్లు, ఒక ఫారం.
యజమాని పేరు అడిగే గడి
ఆ ఫారంలో ఎంత వెతికినా దొరకలేదు నాకు.
పెరటి చెట్టు మందుకి రాదన్న సామెత
ఆ మధ్యాహ్నం నా బల్ల మీదే అబద్ధమైంది.

డిసెంబరులో మా అపార్ట్‌మెంటు బాయిలరు చచ్చిపోయింది.
పై వాటా డార్లీన్ ఓవెన్ తలుపు తెరిచి
దాని ముందు కొడుక్కి లెక్కలు చెప్పింది.
పైపులు పగలకుండా కుళాయిలు సన్నగా వదిలి
ఆ చప్పుడు వింటూ పడుకున్నాం అందరం.
మేనేజరు ఫోను మూడు వారాలుగా
మెసేజీలకిక చోటు లేదని చెబుతోంది.
లీజు కాగితాలు తీశాను.
ఇంటి యజమాని: కోల్డ్‌వాటర్ హెరాన్ హోల్డింగ్స్.
చిరునామా చదివి, పేజీ పక్కన పెట్టి,
టీ కాచుకుని వచ్చి మళ్లీ చదివాను.
సూట్ 1147.

ఆరేళ్ల అద్దె.
రోజూ నా మోచెయ్యి తగిలే అర.

ఉత్తరం రాశాను. ఎనిమిది వాటాల సంతకాలు.
ఎక్కడికి వెళ్తుందో తెలిసి కూడా
పోస్టాఫీసు లైన్లో నిలబడి రిజిస్టరు చేయించాను.

గురువారం వచ్చింది.
"నీ రాతలా ఉందే" అన్నాడు పోస్ట్‌మన్ క్లీటస్.
పుచ్చుకున్నవారి చోట సంతకం పెట్టాను.
పంపినవారి పేరు: హైమావతి చిట్టూరి.
కత్తెరతో కవరు కోసి నా వాక్యాలు నేనే చదువుకున్నాను.
ఒకచోట 'దయచేసి' రెండుసార్లు పడింది.
ముద్ర వేశాను: అందింది.
స్కాన్ చేసి డెన్వర్‌లో ఒక లాయరుకి పంపాను.
అతను ఇంకో కంపెనీకి పంపుతాడు.
ఆ కంపెనీ సూట్ 1203లో,
నా వీపు వెనక,
చెయ్యి చాపితే అందేంత దూరంలో.

ఎవరిది ఇది, అని వెర్నన్‌ని అడిగాను.
దాస్తున్నాడనుకున్నాను. కాదు,
నిజంగానే తెలియదు అతనికి.
"ఆ తెలియకపోవటమేగా మనం అమ్మేది" అన్నాడు,
తప్పు ఒప్పుకుంటున్నట్టు కాదు,
ధర చెబుతున్నట్టు.

ఆ రాత్రి కోటు వేసుకునే పడుకున్నాను.
ఊరి మధ్యగా బొగ్గు రైలు పోతోంది,
నూట ఇరవై పెట్టెల దాకా లెక్కపెట్టాను,
ఎవరిదో వెచ్చదనం, ఎటో.

రేపు ఏడున్నరకి ఆఫీసు తెరవాలి.
వెర్నన్ ముందే వచ్చి హీటరు వేసి ఉంచుతాడు,
డెబ్బై రెండు డిగ్రీలు.
స్కానరుకి చలి పడదు.